జేఈఈకి చదివే పిల్లకు సైన్స్ ఫిక్షన్ కథలెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో సీబీఎస్‌ఈ పదకొండో తరగతి ఎంపీసీ చదువుతోంది, జేఈఈ కోచింగ్‌కి కూడా వెళ్తోంది. ఇంగ్లిష్ మేడమ్ ఒక్క సైన్స్ ఫిక్షన్ కథ మీద వారం రోజులు క్లాసు తీసుకున్నారు. పైగా చరిత్రలో ఒక సంఘటన మార్చి కథ రాయమని హోంవర్క్. ఆదివారం టెస్ట్ పెట్టుకుని శనివారం రాత్రి పదకొండు దాకా అదే రాసింది. ఇప్పుడేమో ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతానంటోంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: చూడండి ఏం రాసిందో అన్నట్టు మీరు ఫొటోలు తీసి పంపిన మూడు పేజీలూ చదివానండీ. మీరు జతచేసిన టెస్ట్ మార్కుల కంటే నాకు అవే ఎక్కువ పనికొచ్చాయి.

క్లాసులో చెప్పింది పదకొండో తరగతి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం హార్న్‌బిల్‌లోని జయంత్ నార్లీకర్ కథ ‘ది అడ్వెంచర్’ అయి ఉంటుంది. అందులో గైతోండే అనే చరిత్ర ప్రొఫెసర్‌ని పుణెలో ట్రక్కు గుద్దుతుంది. కళ్లు తెరిచేసరికి 1761 పానిపట్టు యుద్ధంలో మరాఠాలు గెలిచిన వేరే ప్రపంచంలో ఉంటాడు. మన చరిత్రలో పీష్వా కొడుకు విశ్వాసరావు ప్రాణం తీసిన గుండు అక్కడ చెవి పక్కనుంచి దూసుకుపోతుంది. నువ్వుగింజంత తేడా! ఎలక్ట్రాన్ ఏ దారిన పోతుందో ముందే చెప్పలేమనే సంగతితో దాన్ని ముడిపెడతాడు రచయిత. మీ అమ్మాయి ఈ ఏడాదే కెమిస్ట్రీలో బట్టీ పడుతున్న హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రానికి ఇది దగ్గరి చుట్టం. వారం రోజులు పట్టిందంటే మేడమ్ సరిగ్గానే చెప్పినట్టున్నారు.

నార్లీకర్ ఎవరో కూడా తెలుసుకోండి. కేంబ్రిడ్జ్‌లో చదివిన ఖగోళ శాస్త్రవేత్త, పుణెలో ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థను నిలబెట్టిన మనిషి. తొలి మరాఠీ కథని మారుపేరుతో పోటీకి పంపితే మొదటి బహుమతి వచ్చింది. కథలు రాసినందుకు ఆయన ఫిజిక్స్ ఏమీ పాడవలేదు.

ఇక మీ అమ్మాయి కథ. 1565లో తల్లికోట యుద్ధంలో విజయనగరాన్ని ఏలిన అళియ రామరాయలు పట్టుబడకుండా తప్పించుకున్నాడని మొదలుపెట్టింది. మొదటి పేజీ అంతా ఏనుగు ఎటు తిరిగింది, ఫిరంగి ఎంత దూరంలో ఉంది, గుండు ఎంత వేగంతో వచ్చింది అన్న లెక్కలే. వర్ణన రెండు లైన్లు దాటలేదు. సాహిత్యం మీద మోజున్న పిల్ల ఇలా రాయదని నా అనుమానం. ఒక్క షరతు మార్చితే మిగతాదంతా ఎలా మారుతుందన్నదే తనని పట్టుకుంది. అలాంటి పిల్లలకు ఐఐటీ ఒక్కటే దారి కాదు. సైన్స్ చదువుకీ పరిశోధనకీ పెట్టిన కేంద్ర సంస్థ ఐసర్ తిరుపతిలో ఉంది, అక్కడ ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, జేఈఈ ప్రిపరేషన్ చాలావరకు దానికీ సరిపోతుంది, బయాలజీ ప్రశ్నలు మాత్రం అదనం.

నా అంచనా తప్పే కావచ్చు. రేపు నిజంగానే లిటరేచర్ అంటే, తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, అక్కడ బీఏ ఆనర్స్ ఇంగ్లిష్ ఉంది. ఎంపీసీ చదివినంత మాత్రాన ఆ తలుపేమీ మూసుకుపోదు. కాబట్టి ఇప్పుడే గ్రూపు మార్చకండి, ఆ కోరికను కొట్టిపారేయనూ వద్దు.

ఇంకో మాట, చాలామంది పట్టించుకోనిది. ఎన్‌ఐటీ సీటుకైనా, ఐఐటీ సీటుకైనా పన్నెండో తరగతిలో 75 శాతం అడిగేటప్పుడు (ఎస్సీ, ఎస్టీలకు 65) లాంగ్వేజ్ మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంగ్లిష్ పీరియడ్‌ని వేస్ట్ అనుకునే ముందు అది గుర్తుంచుకోండి.

శనివారం రాత్రి సంగతి మాత్రం మీతో ఏకీభవిస్తాను. హోంవర్క్ బుధవారానికల్లా ముగించమని చెప్పండి. అది టైమ్‌టేబుల్ గొడవ, కథ తప్పు కాదు.

ఈ వారం ఆ మూడు పేజీలూ ఆమెతో కూర్చుని చదవండి. కథలో రామరాయలు గెలిచాడు, కుతుబ్ షాహీల సైన్యం చెల్లాచెదురైంది. అయినా మూడో పేజీలో హీరోయిన్ చార్మినార్ దగ్గర బస్సు దిగుతోంది. గోల్కొండ అంత దెబ్బతిన్నాక 1591లో చార్మినార్‌ని ఎవరు కట్టారట? అడిగి చూడండి.