సగం ధరకే షేరు... రిజిస్ట్రేషన్ డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. సర్జాపూర్ రోడ్డులో 95 లక్షలకు ఫ్లాటు బుక్ చేశాం. వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్. అందుకోసం దాచిన 8 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. ఒక హోల్డింగ్ కంపెనీ (వేరే కంపెనీల షేర్లు పట్టుకుని ఉండటమే పనిగా ఉన్న కంపెనీ) షేరు, దాని దగ్గరున్న పెట్టుబడుల విలువలో సగానికే దొరుకుతోంది. మార్కెట్ ఎప్పటికైనా ఈ తప్పు దిద్దుకోవాల్సిందే కదా? ఆఫీసులో అందరూ అలాంటిదే అయిన ఎల్సిడ్ కంపెనీ పేరే చెబుతున్నారు.

జవాబు: మీ లెక్క బాగానే ఉంది. చిక్కంతా ఆ ‘ఎప్పటికైనా’ దగ్గరే.

ఎల్సిడ్ సంగతే చూద్దాం. దాని చేతిలో వేల కోట్ల విలువైన ఏషియన్ పెయింట్స్ షేర్లున్నాయి. బుక్ వాల్యూ, అంటే అప్పులు పోను మిగిలే ఆస్తుల విలువ, షేరుకు లక్షల్లో ఉంటే, 2024 దాకా ఎక్స్ఛేంజీలో ధర 3 రూపాయల 53 పైసలే! తప్పని అందరికీ తెలుసు. మరి కొనలేదేం? అమ్మేవాడుంటేగా! లక్షల సరుకు మూడున్నరకు ఎవరిస్తారు? 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇలాంటి కంపెనీలకు ధరల పరిమితి లేని ప్రత్యేక వేలాన్ని అనుమతించాక, అక్టోబరు 29న బీఎస్‌ఈలో ఒక్కరోజే 2,36,250 రూపాయలైంది. బాగుపడింది ఎప్పుడో కొని మర్చిపోయినవాళ్లు. మీ ఆఫీసువాళ్లు చెప్పనిది ఇంకోటుంది: అంత పెరిగినా ఆ ధర బుక్ వాల్యూలో సగానికి కూడా రాలేదు.

ఎందుకంటే ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపించే యజమానులు, దాని చేతిలోని షేర్లను సాధారణంగా అమ్మరు. అమ్మినా లాభం మీద పన్ను పోతుంది. వచ్చే డివిడెండులో మీకెంత పంచాలో వాళ్ల ఇష్టం. కాబట్టి మీరు చూసిన ‘సగం ధర’ తప్పు కాకపోవచ్చు, అదే దాని మామూలు ధర కావచ్చు. మార్కెట్ ధరలో సమాచారమంతా ఉంటుందన్న ఆర్థికవేత్త ఫామాకూ, అప్పుడప్పుడు మార్కెట్‌కు పూనకం వస్తుందన్న మరో ఆర్థికవేత్త షిల్లర్‌కూ 2013లో నోబెల్ కలిపే ఇచ్చారు. వాళ్ల మధ్యే తేలని పంచాయితీ మీద మీ ఫ్లాటును పణంగా పెట్టడం దేనికి?

ఆ 8 లక్షలు కదపకండి. కర్ణాటకలో స్టాంపు డ్యూటీ 5 శాతం, పైన సెస్సు, సర్‌చార్జి, 2 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు కలిస్తేనే 7 లక్షల 20 వేలు దాటుతుంది. ఎఫ్‌డీ గడువు మాత్రం రిజిస్ట్రేషన్‌కు ముందే ముగిసేలా ఉందో లేదో చూసుకోండి.

అంతగా మనసు లాగుతుంటే బోనస్‌లోంచి పోయినా బాధ లేనంత పెట్టండి. కొనేముందు రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో గమనించండి. పదుల్లోనో వందల్లోనో ఉంటే, మీకు డబ్బు అవసరమైన రోజున ఆ ధరకు కొనేవాళ్లే కనబడరు.