ఆ అవుట్‌పుట్ నీదేనా?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. రోజూ నల్గొండకు బస్సులో వచ్చి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నా. ల్యాబ్‌లో సీ ప్రోగ్రాం కంపైల్ అవుతుంది గానీ, పేరు కొడితే 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది. అవుట్‌పుట్ సీనియర్ల రికార్డు చూసి రాసేస్తున్నాం. లినక్స్ ఉద్యోగం రావాలంటే ఇప్పుడే అమీర్‌పేటలో చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. హాస్టల్‌కూ కోర్సుకూ డబ్బు కట్టి అక్కడ మొదటి వారం నేర్చుకునేది నీ ల్యాబ్‌లోనే వచ్చేస్తుంది.

వేరే పేరు ఇవ్వకపోతే జీసీసీ అనే సీ కంపైలర్ తయారుచేసే ఫైలు ఏ డాట్ అవుట్. 'అసెంబ్లర్ అవుట్‌పుట్' అని తొలి యునిక్స్ రోజుల్లో పెట్టిన పేరు, అట్లాగే నిలిచిపోయింది. ఆ ఫైలు నీ కళ్ల ముందే ఉన్నా షెల్, అంటే నువ్వు కొట్టిన కమాండ్ అందుకుని నడిపేది, అక్కడ వెతకదు, పాత్ అనే జాబితాలో ఉన్న డైరెక్టరీల్లోనే వెతుకుతుంది. పేరు ముందు డాట్, స్లాష్ పెడితే 'ఇక్కడున్నదే నడుపు' అని అర్థం. అన్నట్టు, ప్రోగ్రాంకు 'టెస్ట్' అని మాత్రం పేరు పెట్టకు. షెల్‌కు ఆ పేరుతో సొంత కమాండ్ ఉంది. డాట్ స్లాష్ మరిచిపోతే అదే నడిచి, ఏమీ చూపించకుండా ఊరుకుంటుంది.

ఇక అవుట్‌పుట్. ప్రోగ్రాం పేరు తర్వాత గ్రేటర్ దాన్ గుర్తు, ఆ పక్కన ఫైలు పేరు పెడితే అవుట్‌పుట్ తెరమీదికి రాకుండా ఆ ఫైల్లోకి పోతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 'ఎంటర్ ఎ నంబర్' అన్న మాట కూడా ఫైల్లోకే పోతుంది, తెర ఖాళీ. హ్యాంగయిందని కంట్రోల్ సీ కొట్టేస్తారు. పాపం, అది అంకె కోసం ఎదురుచూస్తోంది! రికార్డుకైతే 'స్క్రిప్ట్' కమాండ్ మేలు. తెరమీద కనిపించేదంతా ఒక ఫైల్లోకి ఎక్కిస్తుంది, నువ్వు కొట్టిన అంకెలు కూడా అందులో పడతాయి. చివర్లో 'ఎగ్జిట్' కొట్టు.

గ్రేటర్ దాన్ గుర్తు ఒక్కటే పెడితే ప్రోగ్రాం మొదలవకముందే పాత ఫైలు ఖాళీ అవుతుంది. చదువుకునే రోజుల్లో నేను అలవాటుకొద్దీ సీ ఫైలు పేరే కొట్టి రాత్రంతా రాసింది ఊడ్చిపెట్టుకున్నా. పాతదాని కింద చేర్చాలంటే గుర్తు రెండుసార్లు పెట్టాలి. ఎర్రర్లు మాత్రం ఇంకా తెరమీదికే వస్తాయి. గుర్తుకు ముందు ఆనించి 2 వేస్తేనే ఫైల్లోకి వెళ్తాయి.

ప్రొడక్షన్ సపోర్ట్, అంటే కంపెనీలో నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగంలో పొద్దున్నే చేసేది ఈ పనే: రాత్రి నడిచిన ప్రోగ్రాం ఎందుకు ఆగిపోయిందో, దాని అవుట్‌పుట్, ఎర్రర్లు పడిన లాగ్ ఫైల్లో చూడటం. అక్కడ సీనియర్ రికార్డు ఉండదు.

ఇంట్లో కంప్యూటర్ లేకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో లినక్స్ కమాండ్లు నడిపే టెర్మక్స్ యాప్ వేసి, అందులో క్లాంగ్ అనే సీ కంపైలర్ ఇన్‌స్టాల్ చేసుకో. దేవరకొండ బస్సులో సీటు దొరికిన రోజు అదే నీ ల్యాబ్. ముందు ఈ సెమిస్టర్ ప్రోగ్రాములన్నీ మళ్లీ నడిపి, నీ అవుట్‌పుట్‌తో రికార్డు రాయి. అమీర్‌పేట సంగతి ఫైనలియర్ పరీక్షలయ్యాక చూద్దాం.