మొలల శస్త్రచికిత్స తరువాతి నొప్పికి ఆక్యుపంక్చర్ ఏ మేరకు పనికివస్తుంది?

మొలలను కోసి తీసివేసే శస్త్రచికిత్స జరిగి కొద్ది రోజులే అయిందని, మాత్రలు వేసుకుంటున్నా నొప్పి అదుపులోకి రావడం లేదని, ఆక్యుపంక్చర్ వల్ల ప్రయోజనం ఉంటుందా, సూదులు గాయం దగ్గరే గుచ్చుతారా అని మీరు అడిగారు. ఇదే శస్త్రచికిత్స చేయించుకుని, శస్త్రవైద్యుడి అనుమతితో ఆక్యుపంక్చర్ కూడా తీసుకున్నాను కాబట్టి నా అనుభవం చెబుతున్నాను. నాకు అది మేలు చేసింది. అయితే ఆ మేలు నొప్పిలో ఒక భాగానికే పరిమితమైంది. అది ఏ భాగమో తెలిస్తేనే ఈ చికిత్స మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో మీకు తేలుతుంది.

ఈ నొప్పి ఇంత తీవ్రంగా ఉండటానికి గాయం ఉన్న చోటే కారణం. మలద్వారం లోపల, వైద్యులు డెంటేట్ లైన్ అని పిలిచే ఒక సరిహద్దు ఉంటుంది. దానికి పై భాగంలో కోసినా కాల్చినా మనకు పెద్దగా తెలియదు. కింది భాగానికి మాత్రం నొప్పిని మెదడుకు చేరవేసే పుడెండల్ అనే నరపు శాఖలు దట్టంగా వస్తాయి కాబట్టి అక్కడ చిన్న గీత పడినా విపరీతమైన బాధ కలుగుతుంది. మొలకు రబ్బరు బ్యాండు వేయించుకున్నవారు సాధారణంగా త్వరగా తేరుకోవడానికి కారణం, ఆ బ్యాండు సరిహద్దుకు పైన పడటమే. కోత శస్త్రచికిత్సలో గాయం కింది భాగానికి కూడా వస్తుంది. పైగా 1937లో మిల్లిగన్, మోర్గాన్ అనే శస్త్రవైద్యులు వివరించిన, ఇప్పటికీ విరివిగా చేస్తున్న పద్ధతిలో గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచి, దానంతట అది పూడుకునేలా వదులుతారు. నాకు జరిగింది ఆ పద్ధతే. అది మానడానికి వారాలు పడుతుంది.

ఆ వారాల్లో నేను భరించిన నొప్పులు నిజానికి రెండు. మొదటిది మలవిసర్జన సమయంలో గాయం రాచుకుని, సాగి, కోసినట్టు మండే నొప్పి. రెండవది ఆ తరువాత గంటల తరబడి వదలకుండా పట్టుకునే బిగుతు నొప్పి. మలద్వారం చుట్టూ మన ఇష్టంతో పనిలేకుండా పనిచేసే లోపలి కండరవలయం ఒకటి ఉంటుంది. గాయం తగిలినందుకు అది ముడుచుకుపోతుంది, ముడుచుకున్న కొద్దీ నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగిన కొద్దీ మనిషి ఒళ్లంతా బిగబట్టుకుంటాడు. రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఎక్కువగా ఈ రెండవ నొప్పే.

ఆక్యుపంక్చర్ నాకు సాయపడింది ఈ బిగుతు నొప్పి విషయంలోనే. చికిత్సకుడు నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, పిక్క కండరం కింద గుంటలా కనిపించే చెంగ్‌షాన్ అనే బిందువులో, మణికట్టుకు పైన ముంజేతి లోపలి వైపున ఉండే అర్‌బాయ్ బిందువుల్లో, చీలమండకు పైన కాలి లోపలి వైపున సన్నని సూదులు గుచ్చారు. వీటిలో మొదటి రెండూ చైనా సంప్రదాయ వైద్యంలో మొలల బాధకు చాలా కాలంగా వాడుతున్న బిందువులు. తోక ఎముకకూ మలద్వారానికీ మధ్య చాంగ్‌చియాంగ్ అనే మరో బిందువు ఉంది. అది గాయానికి మరీ దగ్గర కాబట్టి దాన్ని వదిలేద్దామని నేను అడగకముందే ఆయన చెప్పారు, ఆ మాట విన్నాక నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. మీ భయానికి సమాధానం కూడా అదే: గాయం పచ్చిగా ఉన్నప్పుడు దాని చుట్టుపక్కల సూది వేయించుకోవలసిన అవసరం లేదు, ఎవరైనా వేస్తామంటే ఒప్పుకోకండి.

సూది దిగిన చోట నొప్పి కాకుండా ఒక రకమైన బరువు, తిమ్మిరి తెలుస్తాయి. పిక్కల్లోని సూదులకు స్వల్ప విద్యుత్తును కలిపినప్పుడు కండరం మెల్లగా అదురుతుంది. కాసేపటికి నడుము కింది భాగమంతా సడలి, అప్పటిదాకా నేను తెలియకుండానే బిగబట్టి ఉంచుకున్న పిరుదుల కండరాలు వదులయ్యేవి. ఆ ఉపశమనం కొన్ని గంటలు నిలిచేది, చికిత్స తీసుకున్న రాత్రులు నిద్ర పట్టేది, ఘాటైన నొప్పి మాత్ర అవసరం తగ్గేది. మలవిసర్జన సమయంలోని మంట మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందన్నదానికి కొంత శాస్త్రీయ వివరణ ఉంది. సూది ప్రేరణకు, ముఖ్యంగా విద్యుత్తు కలిపినప్పుడు, శరీరం ఎండార్ఫిన్ల వంటి సొంత నొప్పి నివారకాలను విడుదల చేస్తుందని, ఆ రసాయనాలను అడ్డుకునే నలాక్సోన్ మందు ఇస్తే ఉపశమనం తగ్గిపోతుందని 1970ల నాటి ప్రయోగాల్లోనే గమనించారు. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం శస్త్రచికిత్స తరువాతి వాంతులకూ, దంత చికిత్స తరువాతి నొప్పికీ ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని చెప్పింది. మొలల శస్త్రచికిత్స విషయంలో అంత గట్టి ఆధారం లేదు. జరిగిన పరిశోధనలు ఎక్కువగా చిన్నవి. పైగా సూది గుచ్చారో లేదో రోగికి తెలియకుండా పరీక్షించడం కష్టం. ఈ నొప్పి రోజులు గడిచే కొద్దీ సహజంగానే తగ్గుతుంది కాబట్టి, నాకు కలిగిన ఉపశమనం మొత్తాన్నీ సూదుల ఖాతాలో వేయడం సరికాదని నేనూ ఒప్పుకుంటాను. అందుకే నా అభిప్రాయం ఇది: అసలు చికిత్సకు తోడుగా దీన్ని తీసుకోండి, దాని స్థానంలో కాదు.

మీరు మాత్రలు వేసుకుంటున్నానని రాశారు గానీ ఎలా వేసుకుంటున్నారో రాయలేదు. నొప్పి ముదిరాక వేసుకునే మాత్ర కంటే వేళ ప్రకారం వేసుకునే పారాసెటమాల్ చాలా నయం, పెద్దవారికి రోజుకు 4 గ్రాములు మించకూడదు, కాలేయ సమస్య ఉంటే ఆ పరిమితి ఇంకా తక్కువ. ట్రమడాల్ వంటి ఘాటైన మందులు నొప్పిని తగ్గించినా మలాన్ని గట్టిపరుస్తాయి, గట్టిపడిన మలం మరునాడు గాయాన్ని మళ్లీ రేపుతుంది. మంట నొప్పి తగ్గాలంటే దారి అక్కడే ఉంది: మలాన్ని మెత్తపరిచే లాక్టులోజ్ గానీ ఇసబ్గోల్ గానీ క్రమం తప్పకుండా తీసుకోవడం, నీరు బాగా తాగడం, విసర్జన తరువాత గోరువెచ్చని నీటిలో పది పదిహేను నిమిషాలు కూర్చోవడం. కండరవలయాన్ని సడలించే 2 శాతం డిల్టియాజెమ్ లేపనం గురించి మీ శస్త్రవైద్యుణ్ణి తప్పక అడగండి. నైట్రోగ్లిజరిన్ లేపనం కూడా ఆ పని చేస్తుంది గానీ చాలామందికి తలనొప్పి తెస్తుంది. ఇవన్నీ సక్రమంగా జరుగుతున్నప్పుడే సూదుల వల్ల అదనంగా ఏమి ఒరుగుతోందో మీకు తెలుస్తుంది.

ఆక్యుపంక్చర్‌కు వెళ్లే ముందు శస్త్రవైద్యుడికి చెప్పండి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, గర్భవతి అయినా ఆ సంగతి చికిత్సకుడికి మొదటే తెలియాలి. పేస్‌మేకర్ ఉన్నవారు విద్యుత్తు కలిపే పద్ధతికి దూరంగా ఉండాలి, గర్భిణులకు చీలమండ పైన ఉండే బిందువును సాధారణంగా వాడరు. సూదులు ఒక్కసారి వాడి పారేసేవి అయి ఉండాలి, పొట్లం మీ ఎదుటే విప్పాలి. ఖాళీ కడుపుతో వెళితే కళ్లు తిరగవచ్చు.

జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, రక్తం గడ్డలుగా పడినా ఆక్యుపంక్చర్ ఆలోచన పక్కనబెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. శస్త్రచికిత్స జరిగిన వారం, రెండు వారాల తరువాత కూడా అకస్మాత్తుగా రక్తస్రావం కావచ్చు. ఇవేవీ లేకుండా బిగుతు, నిద్రలేమి మాత్రమే మిమ్మల్ని వేధిస్తుంటే, నిద్రవేళకు దగ్గరగా సాయంత్రం పూట చికిత్స పెట్టుకోండి. రెండు మూడు సార్లలో తేడా కనిపించకపోతే మానేయండి, కూర్చుని ప్రయాణించే శ్రమ అయినా తగ్గుతుంది.