సి డ్రైవ్‌కు ఆ ఖాళీ ఎందుకు అందలేదు?

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిని. నా ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది. సి డ్రైవ్‌కు 120 జీబీ ఇచ్చారు. అది నిండిపోయి ఎర్రగా చూపిస్తోంది. డి డ్రైవ్ 355 జీబీ, అందులో వాడుకున్నది 60 జీబీ లోపే. విండోస్‌లో డ్రైవ్‌ల హద్దులు మార్చే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి డి నుంచి 80 జీబీ తగ్గించాను. ఆ మేరకు నల్లటి పట్టీతో ఖాళీ కనిపిస్తోంది కానీ, సి మీద రైట్ క్లిక్ చేస్తే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ మసకగానే ఉంటోంది. మొత్తం ఫార్మాట్ చేయాల్సిందేనని షాపులో అంటున్నారు. పిల్లల మార్కుల జాబితాలు, బడి ఫొటోలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. వేరే దారి లేదా?

జవాబు: ఉంది టీచరు గారూ. ఫార్మాట్ అక్కరలేదు. మీ డిస్కులో లోపమూ లేదు.

డిస్క్ మేనేజ్‌మెంట్ కింది భాగంలో వరసగా కనిపించే గళ్లను ఎడమ నుంచి కుడికి ఒకసారి చదవండి. ముందు కంప్యూటర్ తెరుచుకోవడానికి కావాల్సిన చిన్న ఈఎఫ్ఐ గడి, తర్వాత సి, తర్వాత డి, ఆ తర్వాత మీరు ఖాళీ చేసిన 80 జీబీ. ‘ష్రింక్’ (డ్రైవ్‌ను తగ్గించడం) ఎప్పుడూ కుడి చివర నుంచే కోస్తుంది. కాబట్టి మీ ఖాళీ డి కి అవతల పడింది. విండోస్ మాత్రం సి కి కుడివైపున ఆనుకుని ఉన్న ఖాళీనే కలుపుకోగలదు. పొలంలో ఆనుకుని ఉన్న మడి మనదైతేనే గట్టు జరపగలం, మధ్యలో మరో మడి ఉంటే అవతల ఎన్ని సెంట్లున్నా లాభం లేదు. ఇక్కడా అంతే. ఖాళీ ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నదే తేలాల్సిన విషయం. ఈ ఒక్క సంగతి చెప్పకుండా ఫార్మాట్ చేయించుకోమనడం నాకు బాధ కలిగిస్తుంది.

డి లో ఉన్నది 60 జీబీ లోపే కనుక మీకు తేలిక మార్గమే ఉంది. దాన్నంతా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయింది కదా అని ఊరుకోకండి. ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు పెట్టి మార్కుల జాబితాలు, కొన్ని ఫొటోలు తెరిచి చూడండి. ఆ తర్వాత డి మీద రైట్ క్లిక్ చేసి ‘డిలీట్ వాల్యూమ్’ ఇవ్వండి. పాత డి, మీరు కోసిన 80 జీబీ కలిసిపోయి సి పక్కన ఒకే ఖాళీగా మారతాయి. ఇప్పుడు ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ వెలుగుతుంది. అది ఎంబీలలో అడుగుతుంది, 100 జీబీ కావాలంటే 102400 అని ఇవ్వాలి. మిగిలిన దానితో కొత్త డి చేసుకుని ఫైళ్లు వెనక్కి పెట్టండి. అక్షరం మళ్లీ ‘డి’యే ఇవ్వడం మరవకండి.

డిలీట్ చేసే ముందు మరొకటి చూడండి. కొందరు సి నిండినప్పుడు డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను డి లోకి మారుస్తారు. కొన్ని ప్రోగ్రాములనూ అక్కడే ఇన్‌స్టాల్ చేస్తారు. ఫోల్డర్లు ఉంటే వాటి చోటును (లొకేషన్) ముందే సి కి తిప్పుకోవాలి. సి నిండి ఉంది కనుక అందులోని ఫైళ్లు అప్పటిదాకా బయటి డిస్కులోనే ఉండనివ్వండి. ప్రోగ్రాములు ఉంటే తర్వాత మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు.

జీపార్టెడ్ లాంటి ఉచిత సాధనంతో డి ని కుడివైపుకు జరపవచ్చు కూడా. కానీ అలా జరపడమంటే లోపలున్న డేటాను డిస్కు మీద మరోచోట తిరిగి రాయడం. మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతే డి మొత్తం దెబ్బతినవచ్చు. మీ పరిస్థితిలో ఆ దారి వద్దంటాను.

ప్రశ్న: చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాను, మాది నెల్లూరు. లినక్స్ కోసం సి ని తగ్గించాలి. 200 జీబీ ఖాళీ ఉన్నా ‘ష్రింక్’ 11 జీబీకి మించి ఇవ్వనంటోంది. ఎందుకండీ?

జవాబు: సి చివరి భాగంలో ఎక్కడో కదలని ఫైలు ఒకటి కూర్చుని ఉంది బాబూ. విండోస్ దాన్ని దాటి కోయలేదు. సాధారణంగా అది హైబర్నేషన్ ఫైలో (కంప్యూటర్ ఆపినప్పుడు మెమరీలో ఉన్నదాన్ని దాచేది), పేజింగ్ ఫైలో (మెమరీ చాలనప్పుడు వాడేది), రిస్టోర్ పాయింట్లో (విండోస్‌ను పాత స్థితికి తెచ్చేందుకు దాచుకునేవి) అయి ఉంటుంది. ఊహించనక్కరలేదు. విండోస్‌లో జరిగినవాటి చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ‘అప్లికేషన్’ లాగ్ తెరిచి 259 నంబరు ఈవెంట్ వెతుకు. అడ్డుపడిన చివరి ఫైలు పేరు అక్కడ ఉంటుంది.

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ (powercfg /h off) అని ఇస్తే హైబర్నేషన్ ఫైలు పోతుంది. దానితోపాటు విండోస్‌ను త్వరగా తెరిచే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. లినక్స్ పెట్టేవారికి అది ఎలాగూ ఆగాలి. లేకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ నుంచి ఆ పార్టిషన్‌ను (డిస్కులోని ఆ భాగాన్ని) ముట్టుకోవడం ప్రమాదం. పేజింగ్ ఫైలును, రిస్టోర్ పాయింట్లు తయారుచేసే సిస్టమ్ ప్రొటెక్షన్‌ను తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించు. పని అయ్యాక ఆ రెండింటినీ తిరిగి పెట్టుకో.

కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనం అడగకుండానే బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్ అయి ఉంటోంది. లినక్స్ కోసం సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ తెరుచుకోనిచ్చే సెట్టింగ్) మార్చిన మరుక్షణం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే సి లోని ఫైళ్లు దక్కవు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టు. ఈ మాట దయచేసి తేలికగా తీసుకోకు.

ప్రశ్న: 256 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసి 1 టీబీది వేయించి, పాతదాన్ని యథాతథంగా క్లోన్ (నకలు) చేయించాను. కొత్త చోటంతా ఖాళీగానే ఉంది. మధ్యలో 650 ఎంబీ రికవరీ పార్టిషన్ అడ్డుగా ఉంది. తీసేయవచ్చా? – విజయనగరం పాఠకుడు

జవాబు: తీసేయకండి, డిస్కు చివరికి జరపండి. విండోస్ తెరుచుకోని రోజున మరమ్మతు చేసేది అదే. చిన్నది కాబట్టి జీపార్టెడ్‌తో జరపడానికి కొద్దిసేపే పడుతుంది, అయినా ఫైళ్ల బ్యాకప్ తీసుకుని, ఛార్జర్ పెట్టే చేయండి. ముందు విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఈ రికవరీ ఏర్పాటును ఆపే ‘రీఏజెంట్‌సీ /డిసేబుల్’ (reagentc /disable) ఇవ్వండి. జరిపేటప్పుడే రికవరీ పార్టిషన్‌ను ఒక జీబీకి పెంచండి, ఎందుకంటే చోటు చాలకపోతే విండోస్ అప్‌డేట్లు ఆగిపోవచ్చు. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేని కంప్యూటర్లలో విఫలమైంది. సి ని జీపార్టెడ్‌లో ముట్టుకోకుండా, విండోస్‌లోకి వచ్చి డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే పెంచండి. ఆఖరున ‘రీఏజెంట్‌సీ /ఎనేబుల్’ (reagentc /enable) ఇచ్చి, ‘రీఏజెంట్‌సీ /ఇన్ఫో’ (reagentc /info)లో ‘ఎనేబుల్డ్’ అని వచ్చిందో లేదో చూడండి.