థెరపీకి వెళ్లాల్సింది ముందు మీరే

విశాఖ నుంచి కొత్తగా అమెరికా వచ్చిన కుటుంబాల్లో, బడి మొదలైన కొన్నాళ్లకే టీచరు నుంచి మెయిల్ వస్తుంటుంది: మీవాడు కుదురుగా ఉండటం లేదు, ఒకసారి డాక్టరుకి చూపించండి అని. ఆ రాత్రే ఎంవీపీ కాలనీకి వీడియో కాల్. "మగపిల్లాడన్నాక ఆమాత్రం అల్లరుండదా? వాళ్ల నాన్న ఇంతకంటే కోతి" అని నాయనమ్మ తేల్చేస్తుంది. ఆవిడ మాట కొట్టిపారేయకండి. టీచరు అనుమానిస్తున్న ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) కుటుంబాల్లో దిగివచ్చే లక్షణమే, కాబట్టి డాక్టరు అడిగినప్పుడు అదీ చెప్పండి.

దీనికి రక్తపరీక్ష, స్కానింగ్ లాంటివి లేవు. పిల్లల డాక్టరు మీకో ఫారం, టీచరుకో ఫారం ఇస్తారు. చాలాచోట్ల అది వాండర్‌బిల్ట్ ఫారం, ఏ లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుందో టిక్కు పెట్టేది. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, కనీసం 6 నెలలుగా సాగుతుండాలి, ఇల్లూ బడీ రెండుచోట్లా కనిపించాలి. బిడ్డకి ముద్ర పడుతుందన్న భయంతో మనవాళ్లు అన్నిటికీ "ఎప్పుడో ఒకసారి" అని టిక్కు పెట్టేస్తారు, టీచరేమో "చాలా తరచుగా" అని పెడుతుంది. రెండూ పొంతన కుదరక వ్యవహారం నెలల తరబడి నానుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. చూపు, వినికిడి, నిద్ర కూడా చూడమనండి. కొత్త దేశం, కొత్త యాస మధ్య పడ్డ పిల్లాడు కూడా పరధ్యానంగానే కనిపిస్తాడు, ఆ సంగతీ డాక్టరుకి తెలియాలి.

ఇక థెరపీ. వారానికో గంట పిల్లాణ్ణి ట్యూషన్‌లో దింపినట్టు దింపి వస్తే బాగుచేసి పంపిస్తారని చాలామంది అనుకుంటారు. చిన్నపిల్లల విషయంలో అది జరగదు. వాడికి ఏం చేయాలో తెలుసు, చేయాల్సిన క్షణంలో అది గుర్తుకు రాదు. ఆ క్షణంలో పక్కనుండేది మీరూ టీచరూ. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 మార్గదర్శకాలు 6 ఏళ్లలోపు పిల్లలకి మందుకంటే ముందు తల్లిదండ్రులకి శిక్షణ అంటాయి. 6 దాటితే మందూ, ప్రవర్తన థెరపీ రెండూ కలిపి వాడమంటాయి.

శిక్షణలో మొదట నేర్పేది రోజుకి 5 నిమిషాల ఆట. ఆట వాడిది. మీరు ఆజ్ఞలు, ప్రశ్నలు, తప్పులు పట్టడం మానేసి, వాడు చేసేది పైకి చెబుతూ కూర్చోవాలి: "ఎర్ర బ్లాకు మీద నీలంది పెట్టావు." తేలిగ్గా అనిపిస్తుంది గానీ, "అదేం రంగు నాన్నా?" అని అడగకుండా ఉండటం మన ఇళ్లలో మహా కష్టం.

తర్వాత పని చెప్పే తీరు. వంటింట్లోంచి "హోంవర్క్ అయిందా, బ్యాగు సర్దావా, ఆ షూస్ అక్కడే పడేశావేం, ఎన్నిసార్లు చెప్పాలి?" అని కేకేస్తే అందులో చేయాల్సిన పని ఏదో వాడికి దొరకదు. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, "షూస్ ర్యాకులో పెట్టు" అనండి. మనసులో 5 లెక్కపెట్టండి, మళ్లీ చెప్పకండి. కదిలితే వెంటనే "చెప్పగానే పెట్టావు" అనండి. వట్టి "గుడ్ బాయ్" అంటే దేనికన్నారో వాడికి అర్థం కాదు.

పాయింట్ల చార్టు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. పది పనులు రాసి ఫ్రిజ్‌కి అంటిస్తారు. రెండు మూడు చాలు. "ఫస్ట్ ర్యాంకొస్తే వేసవిలో సైకిల్" అంటారు. ఈ పిల్లలకి ఆర్నెల్ల తర్వాతి సైకిల్ ఉన్నా లేనట్టే, బహుమతి ఆ రోజే అందాలి. పావుగంట ఎక్కువ పార్కు, రాత్రికి ఏ దోసె వేయాలో ఎంచుకోవడం లాంటివి చాలు. కోపంలో సంపాదించిన పాయింట్లు లాక్కుంటే చార్టు అక్కడితో సరి. బహుమతులు పాతబడిపోతాయి, రెండు మూడు వారాలకోసారి మార్చండి.

మారాంని పట్టించుకోకపోతే ముందు కొన్నాళ్లు అది పెరుగుతుంది. అప్పుడే చాలామంది "థెరపీ పనిచేయట్లేదు" అని మానేస్తారు. సరిగ్గా అక్కడ లొంగితే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే పనవుతుందని మీరే నేర్పినట్టు. ఇంట్లో ఇద్దరూ ఒక్కమాట మీద ఉండలేకపోతే ఇది మొదలుపెట్టకపోవడమే నయం.

పిల్లాడికి బడిలో ప్రత్యేక సాయం అవసరమేమో పరీక్షించమని బడికి తేదీ వేసి ఉత్తరం రాయండి, నోటిమాటకి రుజువుండదు. ప్రభుత్వ బడిలో ఈ పరీక్షలు ఉచితం. మీరు అనుమతి పత్రం మీద సంతకం చేసిన 60 రోజుల్లో పూర్తిచేయాలని ఫెడరల్ చట్టం. కొన్ని రాష్ట్రాల గడువు వేరు. ముందు వరస సీటు, పరీక్షలో అదనపు సమయం వంటివి 504 ప్లాన్‌లో (బడి చేసే సర్దుబాట్ల పత్రం) వస్తాయి. ప్రత్యేక బోధన కావాలంటే ఐఈపీ, అంటే ఆ పిల్లాడి కోసమే రాసే బోధన ప్రణాళిక. టీచరు రోజూ సంతకం చేసి పంపే రిపోర్టు కార్డు అడగండి, ఇంట్లో పాయింట్లు దానికే ఇవ్వొచ్చు.

చేతిరాత బాగోలేకపోతే ఆక్యుపేషనల్ థెరపీ (చేతిపనులు, రోజువారీ పనుల్లో శిక్షణ) సాయపడుతుంది, ఏకాగ్రత దానితో రాదు. చిన్నపిల్లలతో ఊరికే మాట్లాడే కౌన్సెలింగుతోనూ అంతే. హైస్కూలు వయసుకి మాత్రం పనులు సర్దుకోవడం నేర్పే శిక్షణ వాడికే నేరుగా పనికొస్తుంది. థెరపిస్టు ఇన్సూరెన్స్ నెట్‌వర్కులో ఉన్నారో లేదో మొదటి అపాయింట్‌మెంట్‌కి ముందే కనుక్కోండి.

వేసవికి విశాఖ వెళ్లేటప్పుడు ఇంకో చిక్కు. థెరపిస్టు లైసెన్సు రాష్ట్రానికి సంబంధించింది, అక్కణ్ణుంచి వీడియో సెషన్ కుదురుతుందో లేదో ముందే అడగాలి. వేసవిలో న్యూయార్క్‌లో సాయంత్రం 4 అంటే విశాఖలో రాత్రి 1.30. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్ ఫెనిడేట్, ఆంఫెటమిన్ మందులు రెండూ మన దేశంలో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం జాబితాలో ఉన్నవే. ఏది తీసుకెళ్లొచ్చో టికెట్ కొనకముందే తేల్చుకోండి, అసలు డబ్బా, డాక్టరు ఉత్తరం వెంట ఉంచుకోండి. రిపోర్టుల నకళ్లు ఉంటే విశాఖ కేజీహెచ్‌లోనైనా (కింగ్ జార్జ్ ఆసుపత్రి), వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనైనా మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు.

సీతమ్మధారలో తాతగారు ఫోను ఉత్తినే చేతిలో పెట్టేస్తే పాయింట్లకి విలువుండదు. ఆయన్ని వద్దనడం కంటే, చార్టులో నక్షత్రం అంటించే పని ఆయనకే అప్పజెప్పండి. ఫోను ఎన్ని నక్షత్రాలకో కూడా ఆయన నోటితోనే చెప్పించండి.