సంతకం పెట్టే ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్యి

హన్మకొండ

బిడ్డా,

నిన్న సాయంత్రం మీ అమ్మ వచ్చింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుని, ఏదో మామూలు మాట చెప్పినట్టు "అది మాకు పేపర్లు వేస్తుందట అక్కా" అంది. అని నా మొహం వైపు చూడలేదు. సంతోషం దాచుకోవడం దానికి చిన్నప్పటి నుంచీ చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. నేను లేచి వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే నిలబడ్డాను. నువ్వు అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజు ఫోటో పంపితే కూడా నాకు ఇంత అనిపించలేదు.

పోయేటప్పుడు గేటు దగ్గర ఇంకో మాట అంది. "అల్లుడి ఉద్యోగం మారుతున్నదట." అంతే. మీ అమ్మ ఆ మాట నమ్మింది. నేను నమ్మలేదు. కోపం తెచ్చుకోకు. "మారుతున్నది" అంటే ఏమిటో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కింద నేనూ మీ అమ్మకు అచ్చం అదే మాట చెప్పాను. అందుకే రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు నీకు తెలిసినవే చెప్తాను, పెద్దమ్మ చాదస్తం అనుకున్నా సరే. వాళ్ళను గ్రీన్ కార్డు మీద తెచ్చుకోవడానికి అమ్మకు ఒక ఐ-130 అర్జీ, నాన్నకు ఒక ఐ-130, విడివిడిగా వెయ్యాలి. అలాగే వాళ్ళ పోషణ బాధ్యత నాదే అని సంతకం పెట్టే ఐ-864 కూడా ఎవరిది వాళ్ళకే. ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్ అంటే నువ్వు వేసిన ట్యాక్స్ లెక్క సారాంశం, అక్కడి ట్యాక్స్ ఆఫీసు ఐ.ఆర్.ఎస్. నుంచి ఉచితంగా వస్తుంది, దానికి ఎవరికీ డబ్బులు ఇవ్వకు. సంతకం పెన్నుతో పెట్టి స్కాన్ చెయ్యి, పేరు టైప్ చేస్తే సంతకం కాదు.

ఇంట్లో ఎంతమంది అన్న లెక్క దగ్గర చాలామంది తప్పుతారు. నువ్వు, అల్లుడు, బాబు, వచ్చే అమ్మా నాన్నా, అందరినీ కలిపి ఐదుగురు అనుకుని చూసుకో. ఇంతకు ముందు ఎవరికైనా ఐ-864 సంతకం పెట్టి అది ఇంకా నడుస్తుంటే వాళ్ళూ లెక్కలోకి వస్తారు. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపించాలి. 2025 లెక్క ప్రకారం ఐదుగురికి ఆ రేఖ 37,650 డాలర్లు, దానికి 125 శాతం అంటే 47,062. ఈ అంకె ఏటా మారుతుంది, నువ్వు వేసే రోజున ఈ అంకెల పట్టిక ఐ-864పి లో ఏముందో చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఇద్దరూ కలిపి ట్యాక్స్ వేసుంటారు. ఆ కాగితం మీద పెద్ద అంకె కనబడుతుంది. అది చూసి "సరిపోతుంది" అనుకుంటారు. కానీ అది పోయిన ఏడాది, ఇద్దరి జీతం. ఫారంలో ప్రస్తుత ఆదాయం అని అడిగే చోట ఈ రోజు నీకు వస్తున్నది మాత్రమే రాయాలి. నీ ఒక్కదాని జీతం ఆ గీత దాటితే అల్లుడి ఉద్యోగం ఉన్నా లేకున్నా ఈ పనికి సంబంధం లేదు. మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారేమో కూడా, కాగితం పెన్ను తీసుకుని కూర్చుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. దాటకపోతే, అల్లుడికి ఇప్పుడు ఆదాయం ఉంటే ఇంటివాళ్ళ ఆదాయం కలిపే ఐ-864ఏ ఫారం మీద అతని సంతకంతో అతని జీతం కలుపుకోవచ్చు. అదీ లేకపోతే జాయింట్ స్పాన్సర్, అంటే నీతో పాటు బాధ్యత తీసుకుని సంతకం పెట్టే ఇంకొకరు. ఈ మాట చదవగానే నీ మనసు ఎక్కడ ముడుచుకుందో నాకు తెలుసు. నాదీ అక్కడే ముడుచుకుంది.

2002లో మా నాన్న పోయాక అమ్మను నా దగ్గరకు తెచ్చుకుందామని పేపర్లు వేశాను. అప్పుడు నేను ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో చేసేదాన్ని. మీ పెదనాన్న అంతకు ముందు ఏడాదే సొంత వ్యాపారం పెట్టాడు, కాగితం మీద అంతా నష్టమే. కాబట్టి ఫైలు మొత్తం నా జీతం మీదే నిలబడింది. ఆగస్టులో అన్నీ పంపాను, ఆస్పత్రి వాళ్ళ లెటర్‌తో సహా. అక్టోబర్‌లో నా ఉద్యోగం పోయింది. కడుపులో రెండోవాడు.

అప్పుడే చేయాల్సిన పని ఒక్కటి ఉండె. మా బావగారు, అంటే మీ పెదనాన్న వాళ్ళ అన్న, నలభై నిమిషాల దూరంలో ఉండేవారు. మంచి ఉద్యోగం, మంచి మనిషి. ఒక్క ఫోన్ చేసి "బావగారూ, మా అమ్మకు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెడతారా" అంటే అయిపోయేది. నా నోరు రాలేదు. పుట్టింటి పని కోసం అత్తింటి వాళ్ళ ముందు చెయ్యి చాపడమా అని నామోషీ. రేపో మాపో వేరే ఉద్యోగం దొరుకుతుందిలే అనుకున్నాను. నెలలు గడిచాయి. అమ్మకు చెప్పలేదు. మీ అమ్మ అడిగితే "మారుతున్నాను" అన్నాను.

జనవరిలో ఇంటర్వ్యూ వచ్చింది. హైదరాబాద్‌లో అప్పటికి కాన్సులేట్ లేదు, మనవాళ్ళంతా చెన్నై పోవాల్సిందే. మీ అమ్మ నిన్ను కూడా వెంటబెట్టుకుని వరంగల్ స్టేషన్‌లో జీటీ ఎక్కింది. నీకు గుర్తుందో లేదో. మౌంట్ రోడ్డు మీద, కాన్సులేట్ బయట ఫుట్‌పాత్ మీద మీరిద్దరూ నిలబడ్డారు. లోపలికి అమ్మ ఒక్కతే పోయింది, ఫైలును కొత్త తువాలలో చుట్టుకుని.

లోపల ఒకాయన అడిగాడట, తెలుగు చెప్పే ఆమె పక్కన నిలబడి చెప్పిందట: మీ బిడ్డ ఏం చేస్తుంది? అమ్మ గర్వంగా "పెద్దాసుపత్రిల చేస్తది సారూ, రక్తం చూస్తది" అన్నది. ఇప్పటికీ అక్కడే చేస్తుందా? "అక్కడనే, ఏడికి పోతది." మరి ఈ రెండు మూడు నెలల పే స్లిప్పులు ఏవీ అని అడిగాడు. అమ్మ ఫైలంతా తిప్పింది. ఉంటే కదా. ఒక కాగితం ఇచ్చి పంపించారు, 221(జి) అని. తక్కువైనవి తెచ్చి ఇచ్చేదాకా వీసా ఆగుతుంది.

బయటికొచ్చి ఆ కాగితం మీ అమ్మ చేతిలో పెట్టి "ఏం రాసిండ్రు" అని మూడుసార్లు అడిగిందట. మీ అమ్మ చదివి చెప్పాక మా అమ్మ ఇంకేం మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో కట్టుకున్న పులిహోర విప్పలేదు. తను ఏదో తప్పు చెప్పబట్టే వీసా రాలేదని ఆమె అనుకుంది. ఇంటికి పోయి ఆ కాగితాన్ని దేవుని గూట్లో పసుపు డబ్బా కింద పెట్టింది.

నేను ఆ రాత్రి బావగారికి ఫోన్ చేశాను. "ఇన్ని రోజులు ఎందుకు ఆగినవమ్మా?" అన్నారు. అంతే, వేరే ప్రశ్న లేదు. మర్నాడు పొద్దున ఏడింటికి తన ట్యాక్స్ కాగితాలు పట్టుకుని మా గుమ్మంలో ఉన్నారు. కానీ పోయిన టైమ్ పోయింది. కొత్త కాగితాలు పోయి, వాళ్ళు చూసి, వీసా వచ్చేసరికి అయిదు నెలలు. రెండోవాణ్ణి కన్నప్పుడు నా పక్కన అమ్మ లేదు. వాడికి నాలుగో నెలలో వచ్చింది. విమానాశ్రయంలో వాణ్ణి ఎత్తుకుని ముద్దులాడింది. ఇంటికొచ్చాక, స్నానం చేసి, తల ఆరబెట్టుకుంటూ అడిగింది. "కొలువు పోయిందని నాకెందుకు చెప్పలేదు?" నేను ఏదో అనబోయాను. "దొర ముందట నాతోని అబద్ధం చెప్పించినవ్ గద బిడ్డా" అంది. కోపంగా అనలేదు. సంచీలోంచి ఆ కాగితం తీసి నాకు ఇచ్చింది. ఒక మూల పసుపు అంటింది. ఇంకా నా దగ్గరే ఉంది, ఈ ఉత్తరం రాస్తుంటే పక్కనే పెట్టుకున్నాను.

అందుకని నీకు చెప్తున్నాను. సంతకం నీది, ట్యాక్స్ నీది, కానీ ఇంటర్వ్యూ కిటికీ ముందు నిలబడేది మీ అమ్మా నాన్నా. వాళ్ళకు ఏమీ తెలియకుండా ఫైలు చేతికిచ్చి పంపకు. నీ జీతం ఎంత, అల్లుడి పరిస్థితి ఏంటి, ఇంకెవరైనా సంతకం పెట్టారా, పెడితే ఆ మనిషి మనకు ఏమవుతారు, అన్నీ తెలుగులో కూర్చోబెట్టి చెప్పు. మీ నాన్న రిటైర్డ్ హెడ్ మాస్టర్, ఇంగ్లీషు వస్తుందిలే అనుకోకు. అక్షరాలు చదవడం వేరు, బిడ్డ ఇంట్లో ఏం జరుగుతున్నదో తెలియడం వేరు.

జాయింట్ స్పాన్సర్‌ను అడగాల్సి వస్తే వెంటనే అడుగు, కానీ మొహమాటం పెట్టి సంతకం తీసుకోకు. అది నిజంగా ఒప్పందం అని వాళ్ళకు చెప్పు. అమ్మా నాన్నా సిటిజన్లు అయ్యేదాకా, లేదా నలభై క్వార్టర్ల పని లెక్క, అంటే దాదాపు పదేళ్ళ ఉద్యోగం, పూర్తయ్యేదాకా ఆ బాధ్యత ఉంటుంది. వాళ్ళ ఆదాయం వాళ్ళ ఇంటివాళ్ళకూ, మన వాళ్ళకూ కలిపి ఒంటరిగా సరిపోవాలి, నీది కొంత వాళ్ళది కొంత కలపడం కుదరదు. ఇంకొకరు సంతకం పెట్టినా నీ ఐ-864 నువ్వు వెయ్యాల్సిందే. ఇల్లు మారితే 30 రోజుల్లో అడ్రసు మార్పు ఫారం ఐ-865 పంపాలని వాళ్ళకూ చెప్పు, నువ్వూ మరచిపోకు. అక్కడి ట్యాక్స్ గడువు ఏప్రిల్ 15 దాటాక ఇంటర్వ్యూ పడితే కొత్త ఏడాది ట్యాక్స్ కాగితం కూడా ఫైలులో ఉంచు. పే స్లిప్పులు ప్రతి నెలా మీ అమ్మకు పంపుతూ ఉండు. ఇది రూలు కాదు, నా భయం. అయినా పంపు.

ఇంకో భయం కూడా ఉంది. ఆదాయం చాలకపోతే ఆస్తి చూపించవచ్చు, తల్లిదండ్రుల సొంత ఆస్తి అయినా సరే, తక్కువైన మొత్తానికి అయిదు రెట్లు ఉండాలి, ఏడాది లోపల డబ్బుగా మారేలా ఉండాలి. ఇది విని ఎవరో ఒకరు మీ నాన్నకు "సుబేదారి ఇల్లు అమ్మి బ్యాంకులో చూపించండి" అని సలహా ఇస్తారు. వినొద్దు. అక్కడ చలికి తట్టుకోలేక, తోచక, ఆర్నెల్లకు తిరిగొద్దామనుకుంటే దిగడానికి ఒక గుమ్మం ఉండాలి బిడ్డా. నేను అమ్ముకోలేదు కాబట్టే ఈ రోజు ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. వాళ్ళకు అక్కడి పెద్దవాళ్ళ ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ కూడా మొదటి అయిదేళ్ళు రాదు. ఇన్సూరెన్స్ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో, మీ నాన్న షుగర్ సంగతి నీకు తెలిసిందే.

మీ అమ్మ పుట్టిన సర్టిఫికెట్ గురించి దిగులు పడకు. అది పరకాలలో మా ఇంట్లోనే పుట్టింది, ఎక్కడా నమోదు చేయించలేదు. రికార్డు లేదని ఒక సర్టిఫికెట్ తీసుకోవాలి, దానితో పాటు పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళ అఫిడవిట్. ఊరి పేరు దగ్గర జాగ్రత్త. అది పుట్టినప్పుడు పరకాల ఆంధ్రప్రదేశ్‌లో వరంగల్ జిల్లా. 2016లో వరంగల్ రూరల్ అయింది, 2021లో హన్మకొండ జిల్లాలోకి వచ్చింది. ఒక కాగితం మీద ఒకటి, ఇంకో కాగితం మీద ఇంకోటి ఉంటుంది. భయపడి పాతవి మార్పించొద్దు. ఎవరైనా అడిగితే ఊరు అదే, జిల్లా పేరు మారింది అని అమ్మ చెప్పేలా నేర్పు. ఇంటిపేరు మాత్రం పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో ప్రతి ఫారంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయి.

అఫిడవిట్ నేనే ఇస్తాను. అది పుట్టినప్పుడు నాకు ఏడేళ్ళు. బయట అరుగు మీద కూర్చోబెట్టి లోపలికి రానివ్వలేదు. మంత్రసాని తలుపు తీసి "చెల్లె పుట్టింది పో" అంటే, తమ్ముడు కాదా అని ఏడ్చానట. లోపలికి పోయి చూస్తే ఎర్రగా, పిడికిలి బిగించి ఉంది. చెవులు అప్పుడు కూడా ఎర్రగానే ఉండె. ఇవన్నీ నోటరీ రాసుకోడు, తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు చాలంటాడు. సోమవారం పొద్దున మీ నాన్న స్కూటర్ మీద వచ్చి నన్ను తీసుకుపోతానన్నాడు.

ఈ ఆదివారం మాకు పొద్దున, నీకు శనివారం రాత్రి, మీ అమ్మకు ఫోన్ చెయ్యి. వీడియో పెట్టు. అల్లుడిని పక్కన కూర్చోబెట్టుకో, అతను తలదించుకునే పని ఏదీ చెయ్యలేదు, అలాగే చెప్పు అతనికి. ఉద్యోగం సంగతి ముందు చెప్పి తర్వాత ఫారం చదువు. నేను మీ అమ్మ పక్కనే ఉంటాను.

మీ పెద్దమ్మ