బాబుకు మాటలు రావట్లేదు, పరీక్షకు వెళ్లాలా?

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు నిండాయి. పది మాటలకు మించి రావు. పిల్లల కోసం పనిచేసే ఓ స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఎదుగుదల పరీక్ష చేస్తామంటున్నారు. ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి, పరీక్షలెందుకు?’ అంటారు మా అత్తగారు. బాబు మీద ఏదో ముద్ర పడుతుందని నాకు టెన్షన్‌.

జవాబు: వెళ్లండమ్మా. అలాంటి కేంద్రంలో తల్లిదండ్రులతో మాట్లాడటమే నా పని. అక్కడ చేసేది రోగనిర్ధారణ కాదు. మెట్లు ఎక్కుతాడా, వేలుపెట్టి చూపిస్తే అటు చూస్తాడా అని అడుగుతారు. సగానికి పైగా జవాబులు మీరే చెబుతారు! రెండేళ్లకు చాలామంది పిల్లలు ‘అమ్మా రా’ అని రెండు మాటలు కలుపుతారు, కాబట్టి ఇంకా ఆగొద్దు. వినికిడి పరీక్ష కూడా చేయించండి. పిలిస్తే పలుకుతున్నాడు కదా అని వదిలేయకండి. కర్ణభేరి వెనక నీరు చేరితే శబ్దాలు స్పష్టంగా వినపడవు.

ఇక ఫోన్. ఈ వయసుకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, తగ్గితే ఇంకా మేలు. బాబు ‘బ’ అంటే ‘బంతా? ఎర్ర బంతి!’ అని కాసేపు ఆగండి, వాడి వంతు రానివ్వండి. మనకే తొందరెక్కువ.

అత్తగారినీ తీసుకెళ్లండి. నాన్నకు మాటలు ఆలస్యమైన సంగతి పరీక్ష చేసేవాళ్లకు పనికొస్తుంది.